గర్భములోని పనిని కన్నులార చూచినవాడు
(కార్ల్ ఎర్న్‌స్ట్ ఫాన్ బేర్ జీవిత చరిత్ర)

ధ్యానమునకు: కీర్తన 139:13–16, యోబు 10:8–12, ప్రసంగి 11:5, యోహాను 9:1–3



మన వరంగల్లు చుట్టుపట్ల గ్రామములలో కోడిని పొదుగవేయని ఇల్లు అరుదు. గంపలో వరిగడ్డి పరచి, గ్రుడ్లు పేర్చి, పెట్టను కూర్చుండబెట్టి మన అవ్వలు దినములు లెక్కపెట్టుకొందురు. వారము గడచిన తరువాత చీకటి గదిలో గ్రుడ్డును దీపమునకు అడ్డముగా పట్టి చూతురు. లోపల ఎఱ్ఱని నరములు సాలెగూడువలె కనబడినయెడల అది పిల్ల కాగల గ్రుడ్డు. తేటగా నున్నయెడల అది పనికిరాని గ్రుడ్డు. 21వ దినమున పెంకు చిట్లి, తడిసిన రెక్కలతో పిల్ల బయటికి వచ్చును. మనము సంతోషింతుము గాని, ఆ పెంకు లోపల 21 దినములు ఏమి జరిగినదని అడుగము.

కొంతకాలము క్రిందట ఒక గ్రామములో సాయంకాల ప్రార్థనకు మేము కూడియుండగా, పట్టణములో డిగ్రీ చదువుచున్న ఒక యౌవనస్థుడు తన పుస్తకములోని ఒక బొమ్మ తెచ్చి మాకు చూపెను. చేప, తాబేలు, కోడి, పంది, మనుష్యుడు, వీటి పిండములు వరుసగా గీయబడియున్నవి. మొదటి వరుసలో అన్నియు ఒక్కటిగానే ఉన్నవి. ఈ బొమ్మను బట్టి దేవుడు లేడని ఒకరు అతనితో చెప్పిరట. మరియొకరు అతనికి ఒక కరపత్రమిచ్చి, ఆ బొమ్మ మోసపు బొమ్మయని, కాబట్టి శాస్త్రమంతయు అబద్ధమేనని చెప్పిరట. ఏది నమ్మవలెనని అతడు మమ్మును అడిగెను. అదే కూటములో వెనుక వరుసను ఒక తల్లి తన పసిబిడ్డ ముఖము కొంగుతో కప్పుకొని కూర్చుండెను. ఆ బిడ్డ పై పెదవి చీలియున్నది. గ్రహణపు వేళ ఆమె కడుపుతో బయట తిరిగినదని ఊరివారు, ఆమె ఏదో పాపము చేసియుండునని సంఘములో కొందరు చెప్పుకొనుచుండిరి.

ఆ రాత్రి మేము ఇద్దరికిని సరియైన జవాబు చెప్పలేకపోతిమి. ఆ ఋణము ఈ నెల కొంతవరకైనను తీర్చవలెనని, గర్భములో జరుగు పనిని తన కన్నులతో చూచి లోకమునకు తెలియజేసిన ఒక మనుష్యుని జీవితము ఇక్కడ వ్రాయుచున్నాము.

బాల్యము, విద్య

కార్ల్ ఎర్న్‌స్ట్ ఫాన్ బేర్ 1792వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన ఎస్తోనియా దేశములోని పీబే అను పల్లెలో జన్మించెను. ఆ దేశము అప్పుడు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండెను. తండ్రి జర్మను వంశపు భూస్వామి. లూథరను సంఘమునకు చెందిన కుటుంబము. తల్లిదండ్రులకు పదిమంది పిల్లలు. పిల్లలులేని పెదతండ్రి యింట ఈ బాలుడు ఏడేండ్ల వయస్సు వరకు పెరిగెను. అక్కడ పొలములలో తిరుగుచు మొక్కలను ఏరుకొనుట అతని ఆట.

ఆ కాలమున ఆ దేశపు కూలీలు భూమికి కట్టుబడిన బానిసలు. మన తాతలు తెలంగాణములో దొరల గడీలయొద్ద చేసిన వెట్టిచాకిరి ఎరిగినవారికి ఆ బ్రదుకు వివరించి చెప్పనక్కరలేదు. 1816లో గాని అక్కడ ఆ బానిసత్వము చట్టము చేత రద్దు కాలేదు. బేర్ దొరల బిడ్డ. అతడు కూలివాని గుడిసెలో పుట్టినవాడు కాడు. అయినను 1814లో వైద్య పట్టము కొరకు అతడు వ్రాసిన వ్యాసము ఎస్తోనియా ప్రజలను పీడించు రోగములను గూర్చినదే.

1810లో అతడు డోర్పాట్ పట్టణపు విశ్వవిద్యాలయములో వైద్యశాస్త్రము చదువ మొదలుపెట్టెను. ఆ పట్టణమును నేడు టార్టు అందురు. 1812లో నెపోలియను సైన్యము రష్యామీదికి వచ్చినప్పుడు, రీగా పట్టణములో టైఫస్ జ్వరముతో పడియున్న సైనికులకు సేవచేయుటకు విద్యార్థులు వెళ్లిరి. బేరు కూడ వెళ్లెను. ఆ జ్వరము అతనికిని తగిలి, చావు అంచువరకు పోయి తిరిగివచ్చెను. అప్పటి వైద్యము రోగి ముందు ఎంత నిస్సహాయమో అతడు కన్నులార చూచెను. పట్టము చేతికి వచ్చిన తరువాత, వైద్యవృత్తికంటె జీవముగల శరీరము ఎట్లు కట్టబడుచున్నదో తెలిసికొనుటయే అతనికి ముఖ్యమైన పనిగా తోచెను.

కొత్తవాడ జంపఖానా చెప్పు పాఠము

1815లో బేర్ జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్ పట్టణమునకు పోయి డాలింగర్ అను గురువునొద్ద చేరెను. కోడిగ్రుడ్డులో పిల్ల ఏర్పడు విధమును గంట గంటకు చూచి వ్రాయవలెనని ఆ గురువునకు చిరకాలపు కోరిక. అయితే గ్రుడ్లు వేలకొలది కావలెను. వాటిని పొదుగు పెట్టెను రాత్రింబగళ్లు కాచుకొని యుండుటకు మనిషి కావలెను. బొమ్మలు గీయుటకు చిత్రకారుడు కావలెను. ఇంత ఖర్చు బేర్ భరింపజాలడు. అందుచేత కలిగిన కుటుంబమువాడైన తన స్నేహితుడు పాండర్‌ను ఆ పనికి పిలిపించెను. పాండర్ రెండువేలకు పైగా గ్రుడ్లు పగులగొట్టి చూచి, 1817లో తాను కనుగొన్నది ప్రకటించెను. పచ్చసొన మీద మొదట పలుచని పొరలు మాత్రమే ఏర్పడుననియు, ఆ పొరలు మడతపడి, ముడుచుకొని, విడిపోయి అవయవములగుననియు అతడు చూపెను. తాను కోరిన పని స్నేహితుని చేతికి పోయినందుకు బేర్ అసూయపడలేదు. తరువాత తానును ఆ మార్గమునే పట్టి మరింత దూరము నడిచెను.

దీని గొప్పతనము తెలియవలెనంటె, అంతకు ముందు నూరేండ్లకు పైగా పండితులు ఏమి తలంచిరో తెలియవలెను. బీజములోనే పిల్ల అంతయు కాళ్లు చేతులతోసహా అతి చిన్నదిగా మడిచిపెట్టబడి యున్నదనియు, అది ఉబ్బి పెద్దదగుటయే పుట్టుక యనియు అనేకులు చెప్పిరి. హవ్వ గర్భములోనే రాబోవు నరులందరు ఒకరిలో ఒకరుగా అమర్చబడియుండిరని చెప్పినవారును ఉండిరి. వారు భక్తిహీనులు కారు. దేవుని ఘనపరచవలెననియే అట్లు చెప్పిరి. 1759లో వోల్ఫ్ అను యువకుడు గ్రుడ్లు పగులగొట్టి చూచి, అట్టి చిన్నపిల్ల ఏదియు లోపల లేదని, అవయవములు ఒకదాని తరువాత ఒకటి క్రొత్తగా ఏర్పడుచున్నవని వ్రాసెను. అప్పుడు హాలర్ అను మహాపండితుడు ఇది దేవభక్తికి హానియని తలంచి అతనిని ఎదిరించెను.

మన వరంగల్లు కొత్తవాడలో జంపఖానాలు నేయుదురు గదా. గుంటమగ్గము మీద కూర్చున్న నేతగాని చూడుడి. నూలు ఉండలో జంపఖానా చిన్నదిగా మడిచిపెట్టబడి యున్నదా? లేదు. పడుగు కట్టి, ఒక్కొక్క రంగు పేకను దూర్చి వరుస వెంట వరుస అదిమినప్పుడు అంచు, పువ్వు, గడి క్రమముగా కనబడును. నూలులో జంపఖానా లేదని చెప్పినవాడు నేతగానిని అవమానపరచినవాడు కాడు. నేత ఎట్లు జరుగునో చూచి చెప్పినవాడు. హాలర్ దేవుని పక్షముననే వాదించితినని తలంచెను గాని, జరుగుచున్న సంగతి విషయములో పొరబడెను. సత్యమును చూచినవాడు వోల్ఫ్. దేవుని కాపాడుట కొరకు మనము అసత్యమును పట్టుకొనవలసిన అవసరము ఎన్నటికిని లేదు.

ఒక చుక్కంత అండము

1817లో బేర్ కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయములో పనికి కుదిరెను. 1820లో ఔగుస్తె ఫాన్ మేడెమ్‌ను వివాహమాడెను. వారికి ఆరుగురు పిల్లలు.

కోడికి గ్రుడ్డు ఉన్నది. ఆవునకు, కుక్కకు, స్త్రీకి ఏమున్నది? ఈ ప్రశ్న యుగయుగములనాటిది. 1651లో హార్వీ అను ఆంగ్ల వైద్యుడు సమస్తము గ్రుడ్డునుండియే పుట్టునని ఊహించెను గాని, జింకలను ఎన్నిటిని కోసి చూచినను ఆ గ్రుడ్డు అతనికి దొరకలేదు. 1672లో డ గ్రాఫ్ అనువాడు అండాశయములోని నీటిబుడగలను చూచి అవియే గ్రుడ్లనుకొనెను. తరువాత నూటయేబది సంవత్సరములు అసలు అండమును ఎవరును చూడలేదు.

బేర్ పిండము పెరుగు మార్గమును వెనుకకు వెనుకకు వెదకుచు పోయెను. ఆయన పై అధికారియైన బుర్దాఖ్ యింట ఒక ఆడకుక్క యుండెను. ఆయన దానిని ఈ శోధనకు ఇచ్చెను. ఆ కుక్క అండాశయపు బుడగలో బేర్ ఒక పసుపుపచ్చని చుక్కను చూచెను. దానిని మెల్లగా తీసి సూక్ష్మదర్శిని క్రింద పెట్టి ఒకసారి చూచి, పిడుగు తగిలినవానివలె వెనుకకు తొలగెను. మరల చూచుటకు ఆయనకు ధైర్యము చాలలేదు. ఇది భ్రమయేమోనని భయపడెను. కొంతసేపటికి గుండె దిటవు చేసికొని చూడగా, అండము స్పష్టముగా అక్కడనే యున్నది. 1827లో ఈ సంగతిని లాటిను భాషలో చిన్న పుస్తకముగా ప్రకటించెను. స్త్రీ అండము అడ్డుకొలత ఇంచుమించు ఒక మిల్లిమీటరులో పదియవ వంతు. దావీదును, పేతురును, మనలో ప్రతివారును అంత చుక్కనుండియే మొదలైతిమి.

మరుసటి యేడు బెర్లినులో పండితుల మహాసభ జరిగినప్పుడు, ఆయన కనుగొన్న దానిని గూర్చి దాదాపు ఎవరును మాటలాడలేదు. చివరకు స్వీడను దేశపు పండితుడొకడు అడిగినప్పుడు మాత్రమే ఆయన అండమును చూపగలిగెను. గొప్ప పని చేసినవారికి వెంటనే దండలు పడునని అనుకొనరాదు.

పేరు వ్రాయని రెండు సీసాలు

1828లో బేర్ జంతువుల పిండవృద్ధిని గూర్చిన తన పెద్ద గ్రంథపు మొదటి భాగమును, 1837లో రెండవ భాగమును అచ్చువేయించెను. అందులో నాలుగు నియమములున్నవి. వాటి సారాంశమును పల్లెమాటలలో చెప్పెదము.

పిండములో మొదట ఆ గుంపునకంతటికి సాధారణమైన గుర్తులు వచ్చును. ప్రత్యేకమైనవి తరువాత వచ్చును. వెన్నెముకగల జంతువునకు మొదట వెన్ను ఉండవలసిన చోట మెత్తని దండమొకటి వచ్చును. రెక్కయా, చేయియా, డెక్కయా అన్నది తరువాత తేలును. సాధారణమైన దానినుండి క్రమక్రమముగా ప్రత్యేకమైనది పుట్టును. పెరిగినకొలది ఒక జాతి పిండము ఇతర జాతుల పిండములనుండి దూరమగును. చివరిది మిక్కిలి ముఖ్యము: పై జంతువు పిండము క్రింది జంతువు పెరిగిన రూపమును ఎన్నడును పోలదు, దాని పిండమును మాత్రమే పోలును.

ఒకసారి ఆయన రెండు చిన్న పిండములను సారాయి ద్రవములో నిలువచేసి, సీసాలమీద పేర్లు వ్రాయుట మరచెను. తరువాత చూడగా అవి బల్లివో, పక్షివో, పాలిచ్చు జంతువువో ఆ మహాపండితునికే తెలియలేదు. తనకు తెలియలేదని ఆయన దాచుకొనక తన గ్రంథములోనే వ్రాసెను. ఆ ఒప్పుకోలు లోకప్రసిద్ధమాయెను.

రై చేను

ఈ పనిలో బేర్ తన శరీరమును మరచెను. ఒక సంవత్సరము నేలమీద మంచు ఉన్నప్పుడు ఇంట కూర్చున్నవాడు, మరల ఊరి వెలుపలికి నడచి వచ్చునప్పటికి రై చేను వెన్ను తీసి నిలిచియుండెను. విత్తు మొలచినది, ఆకు వేసినది, కంకి వచ్చినది. తానేమో సూక్ష్మదర్శినినుండి తలయెత్తలేదు. ఆ చేను చూచి ఆయన నేలమీద పడి దుఃఖించెను. ప్రకృతి నియమములు తాను లేకున్నను కనుగొనబడును గాని, పోయిన వసంతకాలము తిరిగిరాదని ఆయనకు తోచెను. మరుసటి యేడు మరల అట్లే చేసితినని కూడ ఆయన దాపరికము లేక తన జీవిత చరిత్రలో వ్రాసికొనెను.

సహోదరులారా, నాట్లు వేయువారికి, కలుపు తీయువారికి ఈ సంగతి వింతగా తోచవచ్చును. కాని పొలములోనే యుండి పొలమును చూడనివారు మనలో లేరా? సంఘపు పనిలో పడి సంఘమును, పిల్లల కొరకు సంపాదించుచు ఆ పిల్లలను మరచువారు లేరా? బోధకులమైన మేమును ఈ తప్పునుండి తప్పించుకొన్నవారము కాము.

1834లో ఆయన కోనిగ్స్‌బర్గ్ విడిచి రష్యా రాజధానియైన సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లెను. పిండశాస్త్రపు పని అక్కడ దాదాపు నిలిచిపోయెను. 1837లో ఉత్తర ధ్రువ సముద్రములోని నోవాయా జెమ్లియా ద్వీపములకు యాత్ర చేసెను. 1853 మొదలు 1857 వరకు కాస్పియను సముద్రతీరమున చేపలవారి మధ్య తిరిగి, చేపల సంతతి నాశనము కాకుండ పట్టు మార్గములను గూర్చి ప్రభుత్వమునకు వ్రాసెను. తన కుమారులలో ఒకనిని బాల్యమందు, మరియొకనిని విద్యార్థి దశలో టైఫస్ జ్వరము వలన పోగొట్టుకొనెను. తాను యౌవనమున తప్పించుకొన్న జ్వరమే తన బిడ్డను తీసికొనిపోయెను.

డార్విను, బేరు

1859లో చార్లెస్ డార్విను జాతుల పుట్టుకను గూర్చిన గ్రంథము ప్రకటించెను. జీవులన్నియు పూర్వపు కొద్ది జీవులనుండి క్రమముగా మార్పుచెంది వచ్చెననియు, పరిసరములకు తగినవి ఎక్కువగా బ్రదికి సంతానమును విడుచుట వలన ఆ మార్పు స్థిరపడెననియు ఆయన వాదము. దీనికి ప్రకృతి వరణమని పేరు. తన సాక్ష్యములలో పిండముల పోలిక మిక్కిలి బలమైనదని డార్విను ఎంచెను. పేరు వ్రాయని సీసాల సంగతి కూడ అందులో చెప్పెను. మొదట దానిని వేరొక పండితునికి అంటగట్టి, తరువాతి కూర్పులో బేర్ పేరు సరిగా వేసెను.

అయితే ఆ సాక్ష్యము సమకూర్చిన బేరే డార్వినుతో పూర్తిగా ఏకీభవింపలేదు. జాతులు కొంతవరకు మారునని ఆయన ఒప్పుకొనెను. ప్రకృతి వరణమే చాలునని మాత్రము ఒప్పుకొనలేదు. గ్రుడ్డులో పొరలు మడతపడుటను వేలసారులు చూచిన ఆయన కన్నులకు, అందు ప్రతి మెట్టును ఒక గురివైపు సాగుచున్నట్లు కనబడెను. 1876లో, తాను మరణించిన యేటనే, ఆ సంగతిని విపులముగా ప్రకటించెను. ఆయన డార్వినును దూషింపలేదు. ఒక పండితునితో మరియొక పండితుడు వాదించునట్లే వాదించెను. బేర్ సంఘబోధకుడు కాడు. ఆయన నమ్మిక మన విశ్వాస ప్రమాణమంత స్పష్టమైనదని మేము చెప్పము. లేని సాక్ష్యమును ఆయన నోట పెట్టుట మాకు తగదు. మనుష్యులందరు ఒకే జాతి యని మాత్రము ఆయన గట్టిగా పట్టుకొనెను. తక్కువ కులమను మాట మోసిన మన పెద్దల బిడ్డలము ఆ మాటను, అపొస్తలుల కార్యములు 17:26తో కలిపి జ్ఞాపకముంచుకొందము.

మోసపు బొమ్మ సంగతి

ఇప్పుడు ఆ యౌవనస్థుని బొమ్మ దగ్గరకు వచ్చుచున్నాము. దానిని మొదట గీసినవాడు ఎర్న్‌స్ట్ హెకెల్ అను జర్మను పండితుడు. ప్రతి జీవి పిండములో తన పూర్వికుల పెరిగిన రూపములను మరల ఒక్కొక్కటిగా దాటునని 1866లో అతడు బోధించెను. ఇది బేర్ నాల్గవ నియమమునకు సూటిగా విరోధము. 1868లో అచ్చువేసిన పుస్తకములో కుక్క, కోడి, తాబేలు పిండములని చెప్పి ఒకే అచ్చుదిమ్మను మూడుసారులు వేసెను. సాటి పండితులే దానిని పట్టుకొని గద్దించిరి. 1874లో వచ్చిన అతని మరియొక పుస్తకపు బొమ్మలలోను పోలికలు ఎక్కువచేయబడి, భేదములు తగ్గింపబడెను. అయినను ఆ బొమ్మలు నూరేండ్లకు పైగా పాఠ్యపుస్తకములలో తిరిగెను. 1997లో కొందరు శాస్త్రజ్ఞులు అనేక జాతుల పిండముల ఛాయాచిత్రములను ప్రక్క ప్రక్కన పెట్టి ఆ తప్పును మరల చూపిరి.

కాబట్టి కరపత్రము చెప్పిన మొదటి మాట నిజమే. దానినిబట్టి శాస్త్రమంతయు అబద్ధమనుట నిజము కాదు. ఒక బంగారు పని చేయువాడు కల్తీ చేసినయెడల బంగారమే లేదని అందుమా? ఆ కల్తీని పట్టినవారును పరిణామమును ఒప్పుకొనిన శాస్త్రజ్ఞులే. ఆ పోలిక హెకెల్ గీసినంత కాకున్నను ఉన్నది. మొట్టమొదటి దశలో జాతుల పిండములు వేర్వేరుగానే ఉండి, మధ్య దశలో దగ్గరగా వచ్చి, తరువాత మరల దూరమగుచున్నవి. మన డమరుకము నడుమ సన్నమైనట్లు. నాల్గవ వారపు మానవ పిండము మెడ దగ్గర కొన్ని మడతలుండును. చేపలో అట్టి మడతలు మొప్పలగును. మనలో దవడ, చెవిలోని చిన్న ఎముకలు, గొంతు భాగములగును. మనకు మొప్పలున్నవనుట తప్పు. ఆ మడతల పోలిక లేదనుటయు తప్పు. శరీరమునకు ముందువెనుకలను నిర్ణయించు జన్యువులు ఈగలోను ఎలుకలోను ఒకదానికొకటి బంధువులని 1980ల తరువాత తెలిసినది. నేటి జీవశాస్త్రజ్ఞులలో దాదాపు అందరును జీవులకు ఉమ్మడి పూర్వికులు కలరని ఒప్పుకొనుచున్నారు. ప్రకృతి వరణము విషయములోను వారు డార్విను పక్షముననే నిలిచిరి.

అమెరికా దేశములో, జీవుల నిర్మాణములో ఒక బుద్ధిగల కర్త చేయి శాస్త్రరీతిగా కనబడుచున్నదను వాదమొకటి 1990లలో బలపడెను. పెన్సిల్వేనియాలోని డోవర్ అను ఊరి పాఠశాలల బోర్డు దానిని పిల్లలకు వినిపింపవలెనని నిర్ణయించెను. అది న్యాయస్థానమునకు పోయెను. అది శాస్త్రము కాదు, మతవిశ్వాసమే యని 2005 డిసెంబరు 20న తీర్పు వచ్చెను. ఆ వాదమునకు విరోధముగా సాక్ష్యమిచ్చినవారిలో దేవుని నమ్మిన క్రైస్తవులును ఉండిరి. మన దేశములో 2023లో కేంద్ర పాఠ్యపుస్తకములనుండి పదవ తరగతి పరిణామ పాఠము తీసివేయబడినప్పుడు వేయిమందికి పైగా శాస్త్రజ్ఞులును ఉపాధ్యాయులును అభ్యంతరము తెలిపిరి. చదువుకొను బిడ్డకు పాఠము దాచుట విశ్వాసమునకు బలము కాదు.

ఇందులో మేము నేర్చుకొన్నదేమనగా: శాస్త్రమునకు ఇంకను తెలియని మూలలలో మాత్రమే దేవుని కూర్చుండబెట్టిన యెడల, వారు ఒక్కొక్క మూలకు దీపము తెచ్చినప్పుడెల్లను మన దేవుడు వెనుకకు జరుగవలసివచ్చును. కీర్తనకారుడు అట్టి దేవునికి స్తుతి చెల్లింపలేదు. యోబు తాను చేయబడిన విధమును పాలు పేరుకొనుటతో పోల్చెను. పాలు ఎట్లు పేరుకొనునో మన యింటి స్త్రీలందరికి తెలియును. తెలిసినందున యోబు స్తుతి తగ్గలేదు. నేతను వరుస వెంట వరుస చూచినవాడు నేతగాడు లేడని చెప్పజాలడు. ఆ చూపు మాత్రముచేతనే నేతగాని పేరును చెప్పజాలడు. ఆ పేరు మనకు సూక్ష్మదర్శిని వలన తెలియలేదు, సిలువ యొద్ద తెలిసినది.

ఆ తల్లికి

బేర్ వంటివారి పని కేవలము పండితుల వాదమునకు కాదు. మానవ పిండములో ముఖపు భాగములు వేరువేరుగా పెరిగి, నాల్గవ వారమునుండి ఏడవ వారము లోపల కలిసికొని పై పెదవి అగును. ఏ కారణము చేతనైనను ఆ కలయిక పూర్తికానియెడల పెదవి చీలికతో బిడ్డ పుట్టును. మన వాడుకలో దానిని గ్రహణపు మొర్రి అందుము. కాని సూర్యచంద్ర గ్రహణములకు దానితో సంబంధము లేదు. వంశపు జన్యువులు, తల్లి ఆరోగ్యము, కొన్ని మందులు, పొగ వంటివి కారణములు కావచ్చును. ఎన్నోసారులు కారణము తెలియదు. శస్త్రచికిత్సతో ఆ పెదవిని చక్కగా కలుపవచ్చును.

వెన్నుపాము గొట్టము 28వ దినమునకే మూసికొనవలెను. అప్పటికి అనేక స్త్రీలకు తాము గర్భవతులమని కూడ తెలియదు. అది మూసికొననియెడల కాళ్లు చచ్చుబడిన బిడ్డ పుట్టవచ్చును. ఇందు మన తెలుగుబిడ్డ ఒకని చేయి కూడ ఉన్నది. భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పనిచేయుచు, 1945లో తన తోటివారితో ఫోలిక్ ఆమ్లమును తయారుచేయు మార్గము కనుగొనిరి. అది ఆ గొట్టపు లోపమును చాలవరకు ఆపునని 1991లో బ్రిటనులో ముగిసిన గొప్ప పరీక్ష రుజువుచేసెను. అప్పటికి సుబ్బారావు గారు మరణించి 43 సంవత్సరములాయెను. కాబట్టి పెండ్లియైన మన కుమార్తెలు బిడ్డను కోరుకొనునప్పుడే, కడుపు పండకమునుపే, ఆరోగ్య కేంద్రములో అడిగి ఆ మాత్ర తీసికొనవలెను.

పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ఎవరి పాపమని అడిగిరి. ప్రభువు వానిదియు కాదు, వాని తల్లిదండ్రులదియు కాదని చెప్పి, ఊరకుండక వానిని బాగుచేసెను. అమ్మా, నీ బిడ్డ ముఖము మీది కొంగు తీయుము. నిన్ను నిందించిన మా సంఘము నీయొద్ద క్షమాపణ వేడవలెను.

అంతము

బేర్ 1867లో డోర్పాట్‌కు తిరిగి వచ్చెను. ఆ యేటనే లండను రాయల్ సొసైటీవారు ఆయనకు కోప్లీ పతకమిచ్చిరి. 1876 నవంబరు 28న 84 సంవత్సరముల వయస్సున మరణించెను. 1886లో ఆ పట్టణపు కొండమీద ఆయన విగ్రహము నిలుపబడెను. ఆయన కొన్ని సంగతులలో సరిగా చూచెను, కొన్నిటిలో పొరబడెను. కాని చూడనిదానిని చూచితినని చెప్పలేదు, తెలియనిదానిని తెలియదని వ్రాసెను. ఆ యౌవనస్థునికి మా జవాబు ఇదే: కుమారుడా, బాగుగా చదువుము, నిజము చెప్పుము, భయపడకుము.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు: మన యింట ఎవరి లోపమునైనను వారి పాపమని నిందించితిమా? దేవుని పక్షమని తలంచి అసత్యమును పలికితిమా?

ప్రార్థన: గర్భములో మమ్మును చూచుచుండిన తండ్రీ, నీ క్రియలను వెదకువారికి నిజాయితీని, గర్భవతులకు క్షేమమును, లోపముతో పుట్టిన బిడ్డలకు ప్రేమగల సంఘమును దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమెన్.